పాత జిరాక్సు మీద నోటరీ ముద్ర వేయిస్తే సరిపోతుందా?

సందేహం: లాయర్ గారికి నమస్కారం. నా వయసు 33. ఒమన్‌లో ఉద్యోగం వచ్చింది. పాస్‌పోర్టు, ఆధార్, జనన ధ్రువీకరణ పత్రాల ‘సర్టిఫైడ్ ట్రూ కాపీ’లు పంపమని కంపెనీ మెయిల్ పెట్టింది. పాస్‌పోర్టు, ఆధార్ నా దగ్గరే ఉన్నాయి. జనన పత్రం ఒరిజినల్ ఇల్లు మారినప్పుడు పోయింది. పాత జిరాక్సు ఒకటి మిగిలింది కానీ, అందులో పుట్టిన తేదీ సరిగ్గా కనిపించడం లేదు. జిరాక్సు షాపులో ‘కంప్యూటర్‌లో కాస్త దిద్ది ఇస్తాం, నోటరీ చేయించుకోండి’ అంటున్నారు. గెజిటెడ్ ఆఫీసర్ సంతకం చాలని మా బావగారు అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు ఆ షాపు మాట వదిలేయండి. మసకబారిన అంకెను స్పష్టం చేయడమే కదా అని మీకు అనిపించవచ్చు. కానీ జనన రిజిస్టరు తాలూకు పత్రంలో అంకెలు దిద్ది, అసలుదిగా చూపిస్తే చట్టం దాన్ని ఫోర్జరీ అంటుంది. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 337వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. తేదీ నిజమైనదే అయినా, ఈ గొడవ నెత్తికెత్తుకోవాల్సిన అవసరం మీకు లేదు.

ఇక అసలు విషయం. నకలు మీద సంతకం పెట్టే మనిషి దేన్ని చూసి పెడుతున్నాడు? మీ ప్రశ్నలన్నిటికీ జవాబు ఇందులోనే ఉంది. మీరు చూపించిన ఒరిజినల్‌తో పోల్చి సంతకం చేస్తే అది నోటరీ చేసే ట్రూ కాపీ. తన కస్టడీలో ఉన్న రిజిస్టరు చూసి సంబంధిత అధికారే ఇస్తే అది చట్టం చెప్పే సర్టిఫైడ్ కాపీ. మీ జనన పత్రం విషయంలో నోటరీ ముందు పెట్టడానికి ఒరిజినలే లేదు. జిరాక్సును జిరాక్సుతో పోల్చి ‘ట్రూ కాపీ’ అని రాస్తే దానికి విలువ లేదు. ఒరిజినల్ అడగకుండానే ముద్ర వేసి పంపేవాళ్లు కోర్టుల బయట దొరకరని నేను అనను. అలాంటి కాగితం ఎక్కడో ఒకచోట తిరుగుటపాలో వస్తుంది. మీ విషయంలో ఆ ‘ఎక్కడో’ ఒమన్ అవుతుంది.

కాబట్టి జనన పత్రానికి మీరు పుట్టిన ఊరికే వెళ్లాలి. ఇప్పుడుంటున్న ఊళ్లో అడిగితే లాభం లేదు. జననం ఎక్కడ జరిగితే అక్కడి పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదై ఉంటుంది. జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి రిజిస్టరు వెతికించుకోవచ్చు, అందులోని వివరాల నకలు తీసుకోవచ్చు. రిజిస్ట్రార్ ధ్రువీకరించిన ఆ నకలు కోర్టులో కూడా సాక్ష్యంగా చెల్లుతుంది. అంటే పోయిన కాగితం కోసం బాధపడక్కర్లేదు. రిజిస్టరులో ఎంట్రీ ఉన్నంతకాలం ఎన్ని నకళ్లయినా తీసుకోవచ్చు. మీసేవలో వివరాలు దొరికితే పని ఇంకా సులువు. పాత రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కకపోతే మాత్రం ఆఫీసుకు వెళ్లి పుస్తకం తీయించాలి. అప్పుడు మీ పాత జిరాక్సు బాగా పనికొస్తుంది. దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం కనిపిస్తే వెతికే పని సగం తగ్గినట్టే.

మీ వయసువాళ్ల విషయంలో తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. అప్పట్లో బిడ్డ పుట్టగానే నమోదు చేయించేవారు కానీ, అప్పటికి పేరు పెట్టి ఉండరు. రిజిస్టరులో తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి, బిడ్డ పేరు దగ్గర ఖాళీ ఉంటుంది. అలా ఉంటే నకలు తీసుకునే ముందే అదే నమోదు చట్టం 14వ సెక్షన్ కింద పేరు చేర్పించాలి. దీనికి కాలపరిమితి నిబంధన కూడా ఉంది కాబట్టి రిజిస్ట్రార్‌ను ముందే అడగండి. అసలు ఎంట్రీయే లేకపోతే, లేదని రాతపూర్వకంగా తీసుకుని ఆలస్యపు నమోదుకు దరఖాస్తు చేయాలి. ఇదివరకు దీనికి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాల్సి వచ్చేది. 2023 సవరణ తర్వాత అది జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ చేతికి వచ్చింది.

నకలు చేతికి రాగానే అడుగుభాగం చూడండి. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 75వ సెక్షన్ ప్రకారం సర్టిఫైడ్ కాపీ కింద అది నిజమైన నకలని రాసి, తేదీ, అధికారి పేరు, హోదా, సంతకం ఉండాలి. సీలు వాడే అధికారం ఉన్నవారైతే సీలు కూడా. పాత ఎవిడెన్స్ యాక్టులో ఇదే 76వ సెక్షన్‌గా ఉండేది. కొత్త చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది.

పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంది కాబట్టి దానికి నోటరీ చాలు. ఒరిజినల్ వెంట తీసుకెళ్లండి. ఫొటో ఉన్న పేజీతో పాటు చిరునామా ఉన్న చివరి పేజీ కూడా కాపీ తీయించండి. నోటరీ తన రిజిస్టరులో రాసుకున్న క్రమసంఖ్య, తేదీ, సీలు మూడూ కాపీ మీద ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

ఆధార్‌కు ఇంత హంగామా అక్కర్లేదు. ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్ నుంచి దించుకునే ఈ-ఆధార్‌కు డిజిటల్ సంతకం ఉంటుంది, అసలు కార్డుతో సమానంగా చెల్లుతుంది. విదేశీ కంపెనీకి పన్నెండు అంకెలూ పంపాల్సిన పని ఏముంది? చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో అడగండి. సరిపోతుందనే అంటారని నా అంచనా.

మీ బావగారి మాట ఒకప్పుడు నిజమే. ఉద్యోగ దరఖాస్తులకు గెజిటెడ్ సంతకం కోసం తిరిగిన తరం మాది. కేంద్రం 2013లోనే స్వీయ ధ్రువీకరణ వైపు, అంటే నకలు మీద మన సంతకం మనమే పెట్టుకునే పద్ధతి వైపు మొగ్గింది. పైగా గెజిటెడ్ ఆఫీసర్ అంటే ఎవరో ఒమన్ కంపెనీకి ఏం తెలుస్తుంది?

తిరగడం మొదలుపెట్టే ముందు కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. నోటరీ కాపీ చాలా, అపోస్టిల్ కూడా కావాలా అని సూటిగా అడగండి. అపోస్టిల్ అంటే 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ. మన దేశం 2005 నుంచి అందులో ఉంది, ఒమన్ కూడా ఉంది. కావాలంటే పత్రాన్ని ముందు రాష్ట్ర స్థాయిలోనో, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ దగ్గరో ధ్రువీకరింపజేయాలి. ఆ తర్వాత విదేశాంగ శాఖ అప్పగించిన ఏజెన్సీల ద్వారా పంపాలి. దీనికి కొత్తగా తీసుకున్న జనన పత్రమే వాడండి. ఆ ఊరికి మళ్లీ వెళ్లే పని లేకుండా, వెళ్లినప్పుడే రెండు మూడు నకళ్లు తెచ్చుకోండి.