బేస్ వంగకుండా, మేడలు చిన్నబోకుండా

బీచ్ రోడ్డు డయోరమాకి (చిన్న నమూనా దృశ్యానికి) బేస్‌గా వేసిన అట్ట నెల తిరక్కుండానే అప్పడంలా లేచిందని, కార్ల పక్కన మేడలు చిన్నబోతున్నాయని రాశారు కదండీ. మొదటిదాంట్లో సగం వైజాగ్ గాలి మహిమ. అట్టకి ఒకవైపే ఫెవికాల్ పూస్తే ఆ వైపు తడికి సాగి, ఆరాక ముడుచుకుంటుంది. దానికి సముద్రపు తేమ తోడైంది. ఆ అట్టతో ఇక కుస్తీ వద్దు. నేమ్ బోర్డులు చేసే షాపులో 5 మి.మీ. సన్‌బోర్డు (ప్లాస్టిక్ ఫోమ్ పలక) ముక్క అడగండి, అది నీరు పీల్చదు.

రెండోది లెక్క. మీ బొమ్మ కార్లు 1:64 స్కేలు, అంటే అసలుదాంట్లో 64వ వంతు; మేడలేమో రైలు మోడళ్ల 1:87 కిట్లు, అంటే ఇంకా చిన్నవి. అసలు కొలతని 64తో భాగించండి: 7 మీటర్ల రోడ్డు 11 సెం.మీ., 2.1 మీటర్ల తలుపు 3.3 సెం.మీ. అలాగని కిట్లు పారేయకండి, వెనక వరసలో పెడితే దూరంగా ఉన్నట్టు భలే కుదురుతాయి. కురుసుర సబ్‌మెరైన్ ముచ్చట మాత్రం మానుకోండి. అసలుది 91 మీటర్లు, మీ స్కేల్లో దాదాపు 1.4 మీటర్లు! వెనక గోడకి ఫొటో అంటిస్తే చాలు.

రోడ్డుకి నల్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) అతికించండి, తారు గరుకుదనం దానంతటదే వస్తుంది. ఆర్కే బీచ్ ఇసుకే వాడాలనుకుంటే మంచినీళ్లతో నాలుగైదుసార్లు కడిగి, బాగా ఎండబెట్టాకే చల్లండి. ఉప్పు మిగిలితే తేమ లాగుతూనే ఉంటుంది. థర్మోకోల్ కొండల మీద నేరుగా స్ప్రే పెయింట్ కొట్టకండి, కరిగిపోతాయి. ముందు అక్రిలిక్ రంగు ఒక పూత దట్టంగా వేయండి.