స్లిప్ వేసిన ఫిల్మును మూడో రోజు చూడాలి

చిరంజీవి మేనల్లుడికి నీ మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం చేరింది. పలాస జీడిపప్పు డబ్బాలలో వేసే లోపలి కవర్లు మూతి విడివడటం లేదని, పనివాళ్లు వేళ్లు తడి చేసుకొని నలిపితే గాని తెరుచుకోవడం లేదని, స్లిప్ మాస్టర్‌బ్యాచ్ (ఫిల్మును జారేటట్లు చేసే స్లిప్ అనే మందును చిక్కగా కలిపిన ప్లాస్టిక్ గుళికలు) అమ్మిన మనిషి దాని మోతాదు రెట్టింపు చేయమన్నాడని రాశావు. దయచేసి రెట్టింపు చేయకు. ఇప్పుడు తీసిన రోలును అలాగే పక్కన పెట్టి, మూడో రోజున మళ్లీ చూసి, ఆ తరువాతే మోతాదు గురించి ఆలోచించు.

నీవు వేస్తున్న స్లిప్ అనేది కొవ్వు ఆమ్లం నుంచి తయారయ్యే అమైడ్. మైనంలా కనిపించే ఈ పదార్థం, గుళికలను కరిగించి తోసే ఎక్స్‌ట్రూడర్ వేడిలో కరిగిన పాలిథీన్‌లో చక్కగా కలిసిపోతుంది, కాని గాలి ఊది బుడగలా లేపిన ఫిల్ము చల్లబడి పాలిథీన్ గడ్డకట్టడం మొదలుపెట్టాక దానికి లోపల చోటు చాలదు. అప్పుడది స్ఫటికాల సందుల్లోంచి మెల్లగా పైకి పాకి, ఫిల్ము ముఖం మీద కంటికి కనిపించనంత పలుచని పొరగా పరుచుకుంటుంది. ఆవకాయ కలిపిన రోజున జాడీలో నూనె జాడ తెలియక, మూడో రోజు తిరగకలిపే వేళకు పైకి తేలి ఉంటుంది చూడు, ఇదీ అటువంటిదే. మొదటి రోజున జాడీ చూసి నూనె చాలలేదని మీ అమ్మ ఎన్నడూ మరో గిద్దెడు పోయలేదు.

ఆ తప్పు నేను చేశాను. విజయనగరంలో మిషను పెట్టిన మొదటి సంవత్సరంలో, ఒక మిఠాయి వ్యాపారికి అచ్చు వేసిన కవర్లు ఇవ్వవలసి వచ్చి, అప్పుడే తీసిన ఫిల్ము చేతికి గరుకుగా తగలడంతో స్లిప్ మాస్టర్‌బ్యాచ్‌ను రెండింతలు చేశాను. మూడు రోజులకు రోళ్లు ఎంత జారుడుగా తయారయ్యాయంటే, నిలబెట్టిన రోలు మధ్య చుట్లు దూరదర్శిని గొట్టంలా ఒకదానిలోంచి ఒకటి బయటికి వచ్చేశాయి. ఫిల్ము మీద వేలు రాస్తే తెల్లని పొడి అంటింది. అచ్చు మీద టేపు అంటించి లాగితే దుకాణం పేరంతా టేపుతో లేచి వచ్చింది, వేడితో అతికించిన అడుగు కుట్టు కూడా అక్కడక్కడ విడిపోయింది. సరుకంతా వెనక్కి వచ్చింది. ఆ నష్టం తీరడానికి ఏడాది పట్టింది.

ఇంకొక మాట. నీ ఉత్తరాన్ని బట్టి చూస్తే నీ ఇబ్బంది సగం స్లిప్‌ది కాదేమోనని నా అనుమానం. ఫిల్ము మీద ఫిల్ము జారకపోవడం వేరు, రెండు పొరలు ఒకదానికొకటి కరుచుకొని విడివడకపోవడం వేరు. మొదటిదానికి మందు స్లిప్. రెండోదానికి యాంటీబ్లాక్, అంటే ముఖాన్ని కాస్త ఎగుడుదిగుడు చేసి పొరల మధ్య గాలికి చోటిచ్చే సిలికా లేదా టాల్క్ పొడి. బుడగ సరిగా చల్లారకముందే పైనున్న రోలర్ల మధ్య నలిగితే పొరలు అక్కడే అతుక్కుంటాయి, అప్పుడు ఎంత స్లిప్ పోసినా మూతి తెరుచుకోదు. రోలర్ల దగ్గర ఫిల్ము మీద చేయి పెట్టి చూడు; వేడిగా తగిలితే ముందు బుడగను చల్లార్చే గాలి రింగు సంగతి, మిషను వేగం సంగతి సరిచేసుకో.

స్లిప్‌లో నీకు దొరికేవి ముఖ్యంగా రెండు. ఓలియామైడ్ 18 కార్బన్ల గొలుసు, త్వరగా పైకి వస్తుంది, కొన్ని గంటల్లోనే పని చూపిస్తుంది. ఎరుకామైడ్ 22 కార్బన్ల గొలుసు, పొడవైనది గనుక నిదానంగా కదులుతుంది, ఒకటి రెండు రోజులు తీసుకుంటుంది. కాని చివరకు ఇచ్చే నునుపు ఎక్కువ, వేడికి ఆవిరైపోవడం తక్కువ. అందుకే ఎక్కువ వేడి మీద నడిచే పాలిప్రొపిలీన్‌కు దానినే వాడతారు. ఎరుకామైడ్‌కు మూలమైన ఎరూసిక్ ఆమ్లం ఆవ జాతి గింజల నూనెలో ఉండేదే. ఓలియామైడ్‌ది మరో వింత: నిద్ర లేకుండా ఉంచిన పిల్లుల మెదడు చుట్టూ ఉండే ద్రవంలో అది ఉన్నదని, అది నిద్ర తెప్పిస్తుందని 1995లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు. స్టియరమైడ్ స్లిప్‌గా అంత బలమైనది కాదు. ఇథిలీన్ బిస్ స్టియరమైడ్ 140 డిగ్రీలు దాటాక కరిగే గట్టి మైనం, పీవీసీ, ఏబీఎస్ వంటి వేరే ప్లాస్టిక్‌ల పనులకు, రంగు సమానంగా కలపడానికి మంచిది. నీ పనికి దానితో అవసరం లేదు. నీ కవర్లకు ఎరుకామైడ్ చాలు.

మోతాదు లెక్క చూద్దాం. మామూలుగా దొరికే మాస్టర్‌బ్యాచ్‌లో 5 శాతం స్లిప్ ఉంటుంది. 25 కిలోల బస్తాకు అది అర కిలో కలిపితే అసలు స్లిప్ 25 గ్రాములు, అంటే పది లక్షల భాగాలకు సుమారు వెయ్యి భాగాలు. పలుచని పాలిథీన్ ఫిల్ముకు 500 నుంచి 1000 భాగాల మధ్యలో పని జరుగుతుంది. ఫిల్ము పలుచనయ్యే కొద్దీ అదే బరువుకు పైముఖం పెరుగుతుంది గనుక స్లిప్ ఎక్కువ కావాలి. చేతిసంచులు 120 మైక్రాన్లకు తగ్గకూడదన్న నియమం 2022 డిసెంబరు 31 నుంచి ఉన్నది కదా, అటువంటి మందపు ఆర్డరు పట్టుకున్నప్పుడు పలుచని కవరు మోతాదునే కళ్లు మూసుకొని వేయకు. కొన్ని గ్రేడ్ల పాలిథీన్‌లో కంపెనీ వారే స్లిప్ కలిపి పంపుతారు. బస్తాతో వచ్చే వివరపత్రం చదవకుండా హాపర్లో పోయవద్దు. తిరిగి వాడే తుక్కులో కూడా పాత స్లిప్ ఉంటుంది, అదీ లెక్కలోకి రావాలి.

యంత్రం కొనే స్తోమత వచ్చేదాకా నునుపును ఇలా కొలుచుకో. ఒక చదునైన పలక మీద ఫిల్మును ముడత లేకుండా బిగించు. అదే ఫిల్మును ఒక చిన్న చదునైన బరువుకు చుట్టి దాని మీద ఉంచు. పలకకు ఒక కొసను నేలమీద ఆనించి, రెండో కొసను మెల్లగా ఎత్తుతూ, బరువు జారడం మొదలైన చోట ఆపు. ఆ కొస ఎత్తును, ఆనిన కొస నుంచి దాని కింది చోటు దాకా నేల మీద ఉన్న దూరంతో భాగించు. 50 సెంటీమీటర్ల దూరానికి 25 సెంటీమీటర్ల ఎత్తులో జారితే ఘర్షణ గుణకం 0.5, స్లిప్ పని చేయలేదన్నమాట. 10 సెంటీమీటర్లకే జారితే 0.2, చాలా కవర్లకు అది బాగున్నట్లే. తీసిన వెంటనే ఒకసారి, మరునాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి కొలిచి నోటు పుస్తకంలో రాసుకో.

అచ్చు వేయవలసిన ఫిల్ముకు కరోనా ట్రీట్‌మెంట్‌ను (సిరా పట్టేలా ఫిల్ము ముఖాన్ని విద్యుత్తుతో సిద్ధం చేయడాన్ని) మిషను మీదే, స్లిప్ పైకి రాకముందే చేయించాలి. సిరా పడుతుందో లేదో చూసే 38 డైన్ల పెన్ను గీత చుక్కలుగా విడిపోకుండా నిలిస్తే సిరా పడుతుంది. కాని రోలు చుట్టాక అవతలి ముఖం మీది స్లిప్ ట్రీట్ చేసిన ముఖానికి అంటుకుంటుంది గనుక, నెలల తరబడి నిల్వ ఉన్న రోలుకు పాత గుర్తును నమ్మి అచ్చు మొదలుపెట్టవద్దు, మళ్లీ గీత గీసి చూడు. పాలియెస్టర్‌తో అతికించే పౌచ్ ఫిల్ములో ఇంకో చిక్కు ఉన్నది: అతికించే జిగురు కొంత స్లిప్‌ను లోపలికి లాక్కుంటుంది, జిగురు ఆరడానికి వెచ్చని గదిలో ఉంచినప్పుడు పైనున్న స్లిప్ పొర తిరిగి ఫిల్ములోకే కరిగిపోతుంది. విడిగా జారిన ఫిల్ము అతికాక జారలేదని పార్టీ అంటే వెంటనే వాదనకు దిగక, ఆ అతికిన ముక్కనే పలక మీద కొలువు.

వైశాఖంలో నీ రేకుల షెడ్డులో ఉండే వేడి స్లిప్‌కు గాని మాస్టర్‌బ్యాచ్‌కు గాని మంచిది కాదు. వేడికి గాలి తగిలితే ఈ అమైడ్లు పాతబడి పసుపెక్కుతాయి, వాసన పడతాయి, జీడిపప్పు ఆ వాసనను ఇట్టే పట్టేస్తుంది. విప్పిన సంచి మూతి గట్టిగా కట్టి నీడన పెట్టు. ఇప్పుడు తీసిన రోలు నుంచి ఈ రోజు ఒక మీటరు, మూడో రోజు ఒక మీటరు కోసి, తేదీ వేసి, బస్సులో పంపించు. రెండూ నా పలక మీద పెట్టి చూసి, యాంటీబ్లాక్ ఎంత వేయాలో ఆ తరువాత రాస్తాను.