పాపకు ఆర్‌పీఏ కోర్సా, ఎంబీఏనా? ముందు మీ టేబుల్ మీది లారీ బిల్లు చూడండి

ప్రశ్న: మేడం గారూ, నేను తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో 19 ఏళ్లుగా గుమాస్తాగా ఉన్నాను. మా పాప అనంతపురంలో హాస్టల్లో ఉండి బీకామ్ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, ‘ఇకమీదట అకౌంట్స్ పనులన్నీ సాఫ్ట్‌వేరే చేసేస్తుంది, పాపను ఆర్‌పీఏ కోర్సులో చేర్చు పెదనాయనా’ అన్నాడు. నాలుగు నెలల కోర్సు, ఫీజు 75 వేలు, హాస్టల్ వేరే. సీటు పోతుందంటే 5 వేలు అడ్వాన్స్ కట్టేశాను. మిగతాది వాళ్లమ్మ గాజులు బ్యాంకులో పెట్టి కడదామనుకుంటున్నాను. మా ఓనరేమో ఎంబీఏ చేయించమంటున్నాడు. రెండిట్లో ఏది మంచిది? బాట్, వర్క్‌ఫ్లో, బీపీఎం, హైపర్ ఆటోమేషన్ అని ఏవేవో చెబుతున్నారు. ఒక్కటీ అర్థం కాలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అన్నా, ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా డిగ్రీ పరీక్షల ముందు వస్తాయి. కోర్సు పేరే మారుతుంది. ఒకప్పుడు శాప్, తర్వాత డిజిటల్ మార్కెటింగ్, ఆ తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఆర్‌పీఏ. భయం మాత్రం అదే. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాప గురించే అడిగారు గానీ అందులో సగం దిగులు మీ గురించి. 19 ఏళ్లు చేసిన పనిని ఒక సాఫ్ట్‌వేర్ చేసేస్తుందని మీ తమ్ముడి కొడుకు అనేసరికి, మీరు నేర్చుకున్నదంతా ఎందుకూ కొరగాదేమో అనిపించింది. అందుకే పాపను ఎలాగైనా ఆ గట్టు ఎక్కించాలని తొందరపడ్డారు. ముందు దాని గురించి మాట్లాడతాను. కోర్సుల సంగతి తర్వాత.

మీ ఆఫీసు నుంచి ఒక లోడు బయటికి పోయే రోజు గుర్తు చేసుకోండి. పార్టీ ఫోన్ చేసి ఇన్ని చదరపు అడుగులు కావాలంటాడు. మీరు రేటు రాసుకుని ఓనరు దగ్గరికి పోతారు. పాత బాకీ ఉంటే ఆయన కాసేపు ఆలోచించి సరే అంటాడు. యార్డులో కొలత వేస్తారు, అంచు విరిగినవి పక్కన పెడతారు, చీటీ మీ దగ్గరికి వస్తుంది. మీరు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఇన్వాయిస్ వేస్తారు. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీసి, దాని పార్ట్-బిలో లారీ నంబరు ఎక్కించి, డ్రైవరు చేతికి కాగితాలిస్తారు.

ఈ వరస మొత్తానికి వాళ్లు పెట్టిన పేరు ప్రాసెస్. ఫోన్ రావడం ట్రిగ్గర్. మధ్యలో ప్రతి పనీ ఒక టాస్క్. ఓనరు సరే అనడం అప్రూవల్. ‘50 వేలు దాటితే ఈ-వే బిల్లు’ అనేది బిజినెస్ రూల్. యార్డు నుంచి కొలతల చీటీ మీ చేతికి రావడం హ్యాండాఫ్. చీటీలో 7ను 1 అని చదివిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది, తప్పులు ఎక్కువగా దొర్లేది అలా చేతులు మారేచోటే. ఎవరి తర్వాత ఎవరు, ఏ షరతు మీద అని ఈ పనులకు వేసిన దారి వర్క్‌ఫ్లో. ఇంతవరకూ మీకు తెలియనిది ఒక్కటైనా ఉందా?

ఇప్పుడు ఆ లారీ గుత్తి దాటాక చెడిపోయిందనుకోండి. రాత్రి 11 గంటలకు డ్రైవరు మీకు ఫోన్ చేస్తాడు. సరుకు వేరే లారీలోకి మారుస్తారు, మీరు పార్ట్-బిలో కొత్త నంబరు ఎక్కిస్తారు. 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన ఈ-వే బిల్లు గడువు సరిపోతుందో లేదో చూసుకుంటారు. దీన్ని ఎక్సెప్షన్ అంటారు. ఈ విద్యలో కష్టమంతా ఇక్కడే ఉంది. సాఫీగా పోయే లోడుకు ప్రోగ్రాం తయారు చేయడం నాలుగు నెలల్లో ఎవరికైనా వస్తుంది. ఎక్కడెక్కడ తేడా రావచ్చు, వస్తే పని ఆపాలా, మనిషిని పిలవాలా, రాసిపెట్టుకుని ముందుకు పోవాలా అన్నది ఆ పనిలో చెయ్యి కాలినవాళ్లకే తెలుస్తుంది. అది మీకు తెలుసు. కోర్సు చెప్పే అబ్బాయికి తెలియకపోవచ్చు.

ఆర్‌పీఏ అంటే రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్. రోబో అనగానే ఇనుప చేతులు ఊహించుకోకండి, అదొక ప్రోగ్రాం అంతే. మీరు మౌస్, కీబోర్డు పట్టుకుని చేసే పనినే చేస్తుంది. ఫైలు తెరుస్తుంది, అంకె కాపీ చేస్తుంది, ఇంకో తెర మీద గడిలో పెడుతుంది, సబ్‌మిట్ నొక్కుతుంది. దాన్నే బాట్ అంటారు. మీరు పక్కన కూర్చుని నడిపించేది అటెండెడ్ బాట్. రాత్రిపూట ఎవరూ లేకపోయినా సర్వర్‌లో తనంతట తాను నడిచేది అనటెండెడ్ బాట్. ఏది ఎప్పుడు నడవాలి, ఏది మధ్యలో ఆగింది అని అజమాయిషీ చేసేది ఆర్కెస్ట్రేటర్. స్కాన్ చేసిన బిల్లులోంచి అక్షరాలను, అంకెలను చదివేది ఓసీఆర్. తెరతో పనిలేకుండా ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో నేరుగా ఇచ్చిపుచ్చుకునే దారి ఏపీఐ. ఆ దారి ఉన్నచోట బాట్ కంటే అదే గట్టిది. తెర మీద బటన్ చోటు మారితే చాలు, బాట్ దారి తప్పి ఆగిపోతుంది.

బీపీఎం అంటే బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్, ఒక్క పనిని పట్టుకోకుండా ప్రాసెస్ మొత్తాన్ని గీసి, కొలిచి, బాగుచేసుకునే పద్ధతి. గీయడానికి బీపీఎంఎన్ అనే గుర్తులున్నాయి. మొదలుకు, చివరకు సున్నా, పనికి మూలలు గుండ్రంగా ఉన్న డబ్బా, నిర్ణయం తీసుకునేచోట డైమండ్. 2011లో వచ్చిన 2.0 వెర్షనే ఇప్పటికీ వాడుకలో ఉంది. ప్రాసెస్ మైనింగ్ అంటే కంప్యూటర్లలో నమోదైన తేదీలు, టైములను బట్టి పని నిజంగా ఎలా నడుస్తోందో వెలికితీయడం. మేనేజర్ బిల్లు రెండు రోజుల్లో పాసవుతుందంటాడు, రికార్డు చూస్తే తొమ్మిది రోజులుంటుంది. ఇక హైపర్ ఆటోమేషన్ 2019లో గార్ట్‌నర్ అనే సలహా సంస్థ ప్రచారంలోకి తెచ్చిన మాట. పైన చెప్పినవన్నీ కలిపి వాడడమే అది. ఆ మాటకు భయపడి 75 వేలు కట్టక్కర్లేదు.

ఈ కోర్సుల మీద నాకున్న అనుమానాలు కూడా దాచను. ఇవి ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ చుట్టూ అల్లిన కోర్సులు. ఆ సాఫ్ట్‌వేర్లు నిలకడగా ఉండవు. మైక్రోసాఫ్ట్ ఫ్లో అనే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ పేరు 2019లో పవర్ ఆటోమేట్ అయింది. 2001లో ఇంగ్లండ్‌లో మొదలై ఈ రంగానికి దారి వేసిన బ్లూ ప్రిజమ్‌ను 2022లో ఇంకో కంపెనీ కొనేసింది. రుమేనియాలోని బుఖారెస్ట్‌లో చిన్న కంపెనీగా పుట్టిన, బాట్ల సాఫ్ట్‌వేర్ అమ్మే యూఐపాత్ సైతం ఇప్పుడు బాట్ల కంటే ఏఐ ఏజెంట్ల (తామే ఆలోచించి పని చేసే ప్రోగ్రాముల) గురించే ఎక్కువ చెబుతోంది. బటన్లు నేర్చుకున్నవాళ్లు రెండు మూడేళ్లకోసారి మళ్లీ మొదటికి రావాలి. పని నేర్చుకున్నవాళ్లకు ఆ బాధ తక్కువ.

కడప నుంచి ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. సంచిలో మూడు సర్టిఫికెట్లున్నాయి. మెయిల్లో వచ్చిన బిల్లులు తీసి ఎక్సెల్లో ఎక్కించే బాట్ చేశానని ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు, చక్కగా నడిచింది. ‘ఇదే బిల్లు రెండోసారి వస్తే?’ అని అడిగాను. ‘ఎక్కిస్తుంది మేడం’ అన్నాడు. అంటే కంపెనీ ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు కడుతుంది. ‘ఆర్డర్ 100 పెట్టెలకు ఇచ్చారు, సరుకు 90 వచ్చింది, బిల్లు 100కి ఉంది, అప్పుడేం చేయాలి?’ అన్నాను. వాడికి ప్రశ్నే అర్థం కాలేదు. ఆర్డరు, సరుకు చీటీ, బిల్లు మూడూ కలిపి చూడడాన్ని త్రీ-వే మ్యాచ్ అంటారు. బిల్లుల ఆటోమేషన్‌కు అదే ప్రాణం. 80 వేలు తీసుకున్న ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ మాట ఒక్కసారీ చెప్పలేదట. ప్లేస్‌మెంట్ మాటెత్తితే రెజ్యూమెలో లేని రెండేళ్ల అనుభవం రాసుకోమన్నారట. అలా రాయడానికి మనసొప్పలేదని చెబుతూ నా ఎదుట కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత ఒక ఆడిటర్ దగ్గర తక్కువ జీతానికి ఏడాది కూర్చున్నాడు. ఇప్పుడు బెంగళూరులో ఒక కంపెనీలో బిల్లుల విభాగంలో ఉన్నాడు. ఆ బాట్లు చేసే పని అక్కడే, కంపెనీ ఖర్చుతోనే నేర్పించారు.

అన్నా, ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను. బండలు కొనాల్సివస్తే మూడు ఫ్యాక్టరీల్లో రేటు కనుక్కుని, గీత పడిందేమో వేలితో తడిమి చూసి గానీ మాట ఇవ్వరు కదా. కూతురి చదువుకు మాత్రం ఒక్క ఫోన్‌కాల్‌కే 5 వేలు పంపేశారు. ఇంకో మాట. మీ ఉత్తరంలో తమ్ముడి కొడుకు ఏమన్నాడో ఉంది, ఓనరు ఏమన్నాడో ఉంది. పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. 20 ఏళ్ల పిల్ల, బీకామ్ చదువుతోంది, మీ ఇంట్లో లెక్కలు మీ తర్వాత ఆమెకే ఎక్కువ తెలుసు. ఆమెను అడగకుండా ఆమె నాలుగు నెలలు, ఆమె తల్లి గాజులు మీరొక్కరే ఖర్చు పెట్టేస్తున్నారు. రేపు ఉద్యోగం రాకపోతే ‘అమ్మ గాజులు పోగొట్టాను’ అన్న బరువు ఆ పిల్ల మోయాలి. ఇది న్యాయం కాదు. గాజులు ఇంట్లోనే ఉండనివ్వండి.

మీ ఉద్యోగం సంగతి కూడా చెబుతాను. అబద్ధం చెప్పి ఊరడించను. కేవలం కాగితం చూసి కంప్యూటర్లో కొట్టే పని తగ్గిపోతుంది, ఇప్పటికే తగ్గుతోంది. కానీ మీరు ఎన్నిసార్లు మారారో లెక్కేసుకోండి. చేరిన కొత్తలో చిట్టా, ఆవర్జా చేత్తో రాసి ఉంటారు. తర్వాత ట్యాలీ నేర్చుకున్నారు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఆడిటర్లే తలలు పట్టుకుంటే మీరు ఫ్యాక్టరీ నడిపించారు. ఈ-వే బిల్లు వచ్చింది, అదీ పట్టేశారు. 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకు 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేయించడం) తప్పనిసరి చేశారు. మీ ఫ్యాక్టరీ ఆ లెక్కలోకి వచ్చి ఉంటే అది కూడా మీ చేతి మీదుగానే నడుస్తూ ఉంటుంది. నెల నెలా 14 దాటాక జీఎస్టీఆర్-2బి (మీకు అమ్మినవాళ్లు పోర్టల్లో ఎక్కించిన బిల్లుల పట్టీ) దించి కొనుగోళ్లతో సరిచూస్తారు కదా. తేడా ఉన్న బిల్లులు ఏవో బాట్ నిమిషంలో చూపిస్తుంది. ‘బిల్లు అప్‌లోడ్ చేయలేదేం రెడ్డీ, వచ్చే నెలైనా ఎక్కించు’ అని ఆ చిన్న వ్యాపారికి ఫోన్ చేసి, కోపం రాకుండా పని చేయించుకునేది మీరే. ఆ పని ఇప్పట్లో ఎక్కడికీ పోదు. రాత్రిళ్లు నిద్రపోండి.

పోలిక అడిగారు కాబట్టి చెబుతాను. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ సంగతులు మీకూ పాపకూ తెలిసినవే, వదిలేస్తున్నాను. పాపకు మనుషులతో, బృందాలతో పని చేయించడం ఇష్టమైతే, మంచి కాలేజీలో ఫైనాన్స్ దొరికితే ఎంబీఏ మంచిదే. ఏదో ఒక సీటు దొరికిందని చేరితే రెండేళ్ల తర్వాత మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. నన్ను అడిగితే ఈ ఏడాదికి రెండూ వద్దు. డిగ్రీ కాగానే ఒక ఆడిటర్ ఆఫీసులోనో, బిల్లుల పని ఎక్కువున్న కంపెనీలోనో ఏడాది పని చేయనివ్వండి. ఆ తర్వాత ఎంబీఏకు వెళ్లినా, సీఎంఏకు (కాస్ట్ అకౌంటెన్సీ కోర్సుకు) వెళ్లినా, ఆటోమేషన్‌లోకి వెళ్లినా క్లాసులో చెప్పేది పాఠంలా కాకుండా తను చూసిన పనిలా అర్థమవుతుంది.

ఆటోమేషన్ నేర్చుకోవడం మానెయ్యమనడం లేదు, నేర్చుకోవాల్సిందే. డబ్బు కట్టకుండా నేర్చుకోవచ్చు అంటున్నాను. యూఐపాత్ వాళ్ల అకాడమీ పాఠాలు ఉచితం. మైక్రోసాఫ్ట్ పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్‌ను 2021 మార్చి నుంచి విండోస్ 10 ఉన్నవాళ్లందరికీ అదనపు ఖర్చు లేకుండా ఇస్తోంది. ఎక్సెల్లోనే ఉన్న పవర్ క్వెరీతో 2బి ఫైలును కొనుగోళ్ల పట్టీతో పోల్చడం నెల రోజుల్లో వస్తుంది.

సెలవులకు పాప ఇంటికి రాగానే ఓనరును అడిగి పదిహేను రోజులు మీ టేబుల్ పక్కన కుర్చీ వేయండి. మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోవద్దు. ఫోన్ వచ్చినప్పటి నుంచి లారీ గేటు దాటేవరకు అన్నీ కాగితం మీద గీయమనండి, సున్నాలు, డబ్బాలు, డైమండ్లతో. ప్రతి డైమండ్ దగ్గర ‘ఇలా కాకపోతే ఏం చేస్తావు నాయనా?’ అని మిమ్మల్ని అడగమనండి. విసుక్కోకుండా చెప్పండి. రెండో వారం అందులో ఒక్క చిన్న పని ఎంచుకుని ఆటోమేట్ చేయనివ్వండి. అసలు ఫైళ్లు వద్దు, నకలు తీసి పార్టీల పేర్లు, నంబర్లు మార్చి ఇవ్వండి. ఫ్యాక్టరీ పోర్టల్ పాస్‌వర్డ్ బాట్‌కు గానీ పాపకు గానీ ఇవ్వొద్దు, అది ఓనరు నమ్మకం మీద మీ దగ్గరున్నది. ఆ ఒక్క పని ఇంటర్వ్యూలో పది నిమిషాలు చెప్పగలిగితే మూడు సర్టిఫికెట్ల కంటే ఎక్కువ బలం.

ఇన్‌స్టిట్యూట్‌కు ఈ రోజే మెసేజ్ పెట్టండి, చేరడం లేదు, అడ్వాన్స్ వెనక్కివ్వమని. ఫోన్లో వద్దు, రాతలోనే ఉండాలి, రసీదు ఫోటో కూడా జత చేయండి. ఇవ్వకపోతే ఆ 5 వేలతో ఆగండి, అది పోయిందని ఇంకో 70 వేలు కట్టకండి. తర్వాత హాస్టల్‌కు ఫోన్ చేసి పాపను అడగండి, నీకేం చేయాలనుంది తల్లీ అని. ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. పదిహేను రోజుల పని అయ్యాక కావాలంటే ఇద్దరూ అనంతపురంలో నా దగ్గరికి రండి. పాప గీసిన ఆ కాగితం తెండి, దాన్ని ముందు పెట్టుకుని మాట్లాడదాం.