కెమిస్ట్రీ చదివినా పరీక్షలో ఎందుకు గుర్తురాదు?

పాఠం రెండు మూడుసార్లు చదివినా ప్రశ్నపత్రం చూడగానే ఏమీ తట్టడం లేదంటే, మీకు తెలివి తక్కువని కాదు. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ అన్నీ వచ్చినట్టే అనిపిస్తాయి. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద రాసి చూడండి. ఎక్కడ ఆగిపోతారో అదే మీరు చదవాల్సిన చోటు.

లెక్కలైతే చూసి అర్థం చేసుకుంటే సరిపోదు, చేత్తో చేయాల్సిందే. ఉదాహరణకు 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌తో 500 మిల్లీలీటర్ల ద్రావణం చేశారు, మొలారిటీ (అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లు ఉన్నాయో) ఎంత? సోడియం హైడ్రాక్సైడ్ మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ ద్రవ్యరాశి, 40 గ్రాములు, కాబట్టి 4ను 40తో భాగిస్తే 0.1 మోల్. ద్రావణం అర లీటరు, అంటే 0.1ని 0.5తో భాగించాలి. జవాబు లీటరుకు 0.2 మోల్. చాలామంది మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చకుండా 500తోనే భాగించేస్తారు. ఫార్ములా వచ్చినా మార్కు పోతుంది, అది చూస్తే నిజంగా బాధేస్తుంది. ప్రతి మెట్టులోనూ యూనిట్లు రాస్తే ఈ తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

బట్టీ పట్టాల్సినవీ కొన్ని ఉంటాయి. కానీ సోడియం ఎలక్ట్రాన్ విన్యాసం (ఒక్కో కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో) 2, 8, 1 అని తెలిస్తే, చివరి ఎలక్ట్రాన్‌ను వదిలేసి ధన అయాన్ అవుతుందని మీకే తడుతుంది. అదే గ్రూపులోని లిథియం, పొటాషియం కూడా అంతే.

ఒక్కరోజే ఆరు గంటలు కూర్చోవడం కన్నా వారం పాటు రోజూ గంట మేలు. చివరి రెండు రోజులు పాత ప్రశ్నపత్రాలను టైమ్ పెట్టుకుని రాయండి. ముందురోజు రాత్రి కొత్త పాఠం ముట్టుకోకుండా, మీరు చేసిన తప్పులు రాసుకున్న పేజీ ఒక్కటి చూసుకుని పడుకోండి.