పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: పీకేసిన కోచ్‌కి కోట్లెందుకు ఇస్తారు?

ప్రశ్న: మా అబ్బాయి పెన్సిల్వేనియాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. వరసగా మూడు మ్యాచ్‌లు ఓడాడని వాళ్ల యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌ని తీసేశారట. పైగా ఆయనకే దాదాపు 5 కోట్ల డాలర్లు బాకీ పడ్డారట! ఇక్కడ కాంట్రాక్టు లెక్చరర్‌ని తీసేస్తే ఆ నెల జీతం రాబట్టుకోవడమే గగనం. ఇదెక్కడి న్యాయమండీ?
– ఒక తండ్రి, బరంపురం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది పెన్ స్టేట్ యూనివర్సిటీ సంగతి. ఆట గురించి ముందు ఒక మాట. ఇది మనం కాళ్లతో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలబంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. పెన్ స్టేట్ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చుంటారు. మన ఇంటర్ కాలేజీ టోర్నీ కళ్లతో చూస్తే ఆ లెక్కలు అంతుపట్టవు.

జేమ్స్ ఫ్రాంక్లిన్ 2014 నుంచి అక్కడ హెడ్ కోచ్. 2025 జనవరిలో జట్టును జాతీయ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు. అదే ఏడాది ఒరెగాన్, యూసీఎల్‌ఏ, నార్త్‌వెస్టర్న్ జట్ల చేతిలో వరసగా ఓడాక అక్టోబర్ 12న ఉద్వాసన పలికారు. అప్పుడు వార్తల్లో వచ్చిన అంకె దాదాపు 4 కోట్ల 90 లక్షల డాలర్లు. దీన్ని బయౌట్ అంటారు. ఇది దయతలచి ఇచ్చేది కాదు. గడువు తీరకముందే మేం పంపేస్తే ఇంత ఇస్తామని యూనివర్సిటీ ముందే రాసిచ్చిన పరిహారం.

ఆ కాంట్రాక్టుల్లో మొదట చూడాల్సింది ఏ కారణం చూపి తీసేశారన్నది. ఓడిపోవడం తప్పు కింద రాదు, కాబట్టి ఓడినందుకు తీసేస్తే బయౌట్ కట్టాలి. దుష్ప్రవర్తన, నిబంధనల ఉల్లంఘన లాంటి కారణం చూపితే కట్టనక్కర్లేదని యూనివర్సిటీ వాదిస్తుంది. మిచిగన్ స్టేట్ 2021లో మెల్ టకర్‌కి 10 ఏళ్లకు 9.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. 2023 సెప్టెంబర్‌లో దుష్ప్రవర్తన కారణం చూపి తొలగించి, మిగిలిన దాదాపు 8 కోట్లు ఇవ్వనంది. గొడవ కోర్టుకెక్కింది.

తర్వాత చూడాల్సింది మిగిలిన జీతం మొత్తమా, అందులో కొంత శాతమా, ఎన్ని వాయిదాల్లో అన్నది. టెక్సస్ ఏ అండ్ ఎం 2021లో జింబో ఫిషర్ కాంట్రాక్టును 2031 దాకా పొడిగించింది, అదీ పూర్తి హామీతో. రెండేళ్లు దాటీ దాటగానే, 2023 నవంబర్‌లో ఆయన్ని పంపేసింది. లెక్క ఇలా ఉంది: 60 రోజుల్లోపు 1 కోటి 92 లక్షల డాలర్లు, తర్వాత 2031 దాకా ఏటా 72 లక్షలు. కూడితే 7 కోట్ల 60 లక్షలు దాటుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. కోచ్ వేరేచోట చేరితే అక్కడి జీతాన్ని బయౌట్‌లోంచి కోసేస్తారా, లేదా? ఫిషర్ కాంట్రాక్టులో కోత లేదు. ఫ్రాంక్లిన్‌కి ఉంది. ఆయన నవంబర్‌లోనే వర్జీనియా టెక్‌లో చేరాడు. పెన్ స్టేట్‌తో సుమారు 90 లక్షల డాలర్లకు పరిష్కారమైపోయింది. మీ అబ్బాయి విన్న 5 కోట్లు చివరికి కోటి కూడా కాలేదన్నమాట. బయౌట్ అంకె కనబడగానే కోత ఉందా అని అడగండి. అది తెలియకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ప్రశ్న: సీజన్ సగంలో తీసేయడమెందుకు? చివరిదాకా ఆగితే పోయేదేముంది?
– క్రీడాభిమాని, రాయగడ

జవాబు: కేలెండర్ ఆగనివ్వదు. ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం జరిగే నాకౌట్ పోటీలు) కాకుండా, మామూలు సీజన్ ఆగస్టు చివర్లో మొదలై, నవంబర్ చివరికి 12 మ్యాచ్‌లతో ముగుస్తుంది. హైస్కూల్ పిల్లలు ఏ యూనివర్సిటీకి ఆడతారో సంతకం చేసే మొదటి గడువు డిసెంబర్ మొదటి వారంలోనే వస్తుంది. 2025లో అది డిసెంబర్ 3. ఆ తర్వాత నెలకే, 2026 జనవరి 2 నుంచి 16 వరకు, ఆటగాళ్లు ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరుచుకుంది. నవంబర్ చివరి శనివారం దాకా ఆగితే కొత్త కోచ్‌ని వెతికి, బేరమాడి, పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడించడానికి నాలుగు రోజులు మిగులుతాయి. పాత కోచ్ కుర్చీలో ఉండగా రహస్యంగా వెతుకుదామంటే ఆ రహస్యం దాగదు.

అందుకే శనివారం మ్యాచ్, ఆదివారం ఉద్వాసన. 2025లో వరస చూడండి: అక్టోబర్ 12న ఫ్రాంక్లిన్, 19న ఫ్లోరిడాలో బిల్లీ నేపియర్, 26న లూసియానా స్టేట్ యూనివర్సిటీ(ఎల్‌ఎస్‌యూ)లో బ్రయన్ కెల్లీ. మూడూ ఆదివారాలే.

ఈ తొందరలో నష్టపోయేది యూనివర్సిటీలే. నాలుగైదు పెద్ద కుర్చీలు ఒకేసారి ఖాళీ అయ్యేసరికి, ఎక్కడా ఖాళీ లేని చోట కూడా కోచ్ జారిపోతాడేమోనన్న భయం పట్టుకుంటుంది. ఏజెంట్లకు అదే పండగ. పెన్ స్టేట్ ఖాళీ అయిన వారంలోపే ఇండియానా యూనివర్సిటీ కర్ట్ సిగ్నెటీకి 8 ఏళ్ల కొత్త కాంట్రాక్టు రాసిచ్చింది. ఆయన 2026 జనవరిలో జాతీయ టైటిల్ గెలిచాడు కాబట్టి ఆ డబ్బుకు న్యాయం జరిగింది. అన్నిచోట్లా అలా జరగదు. భయంతో ఇచ్చిన పొడిగింపే రెండేళ్ల తర్వాత బయౌట్ భారమవుతుంది. ఫిషర్ విషయంలో జరిగింది అదే.

ప్రశ్న: జాతీయ టైటిల్ గెలిచిన కోచ్‌కైనా ఉద్యోగం పదిలమేనా?
– పర్లాకిమిడి

జవాబు: కాదు. ఎల్‌ఎస్‌యూలో ఎడ్ ఆర్జెరాన్ 2019 సీజన్‌లో 15కి 15 గెలిచి టైటిల్ తెచ్చాడు. 2021 అక్టోబర్‌లో సుమారు 1 కోటి 69 లక్షల డాలర్లిచ్చి సాగనంపాలని నిర్ణయించారు. ఆబర్న్‌లో జీన్ చిజిక్ 2010లో గెలిచి, 2012లో పోయాడు. పాతుకుపోయినవాళ్లు లేకపోలేదు. అయోవాలో కిర్క్ ఫెరెంజ్ 1999 సీజన్‌తో మొదలుపెట్టాడు. అలబామాలో నిక్ సేబన్ 17 సీజన్లు చేసి, 2024 జనవరిలో తనంతట తానే తప్పుకున్నాడు. వీళ్లు మినహాయింపులు.

ప్రశ్న: ఈ సొమ్ము ప్రభుత్వానిదా? ఆ సంతకాలు పెట్టినవాళ్లను ఎవరూ అడగరా?
– రిటైర్డ్ ఉద్యోగి, జయపురం

జవాబు: చాలావరకు టీవీ హక్కులు, టికెట్లు, దాతల నుంచి వస్తుంది. పెద్ద బయౌట్లకు దాతలే ముందుకొస్తారు, అందుకే కోచ్‌ని ఉంచాలా పంపాలా అన్నదాంట్లో వాళ్ల మాటకు అంత బరువు. అయినా సంతకం ప్రభుత్వ యూనివర్సిటీది కాబట్టి రాజకీయం రాకమానదు. ఎల్‌ఎస్‌యూలో కెల్లీకి 2021లో 10 ఏళ్లకు 9.5 కోట్ల డాలర్లు రాసిచ్చారు. తీసేసేనాటికి సుమారు 5 కోట్ల 40 లక్షలు బాకీ. లూసియానా గవర్నర్ జెఫ్ లాండ్రీ బహిరంగంగా మండిపడ్డాడు. కొద్దిరోజుల్లోనే క్రీడా విభాగం అధిపతి స్కాట్ వుడ్‌వర్డ్ తప్పుకోవాల్సి వచ్చింది. 2017లో టెక్సస్ ఏ అండ్ ఎంలో ఫిషర్‌కి 10 ఏళ్లు, 7.5 కోట్ల మొదటి కాంట్రాక్టు ఇచ్చిందీ ఈయనే. 2021 పొడిగింపు మాత్రం ఆయన అక్కడినుంచి వెళ్లాక జరిగింది.

ఆ తర్వాత యూనివర్సిటీ తక్కువ మొత్తానికి ఒకేసారి తేల్చుకుందామని చూసింది, కెల్లీ కోర్టుకెళ్లాడు. చివరికి తప్పు కారణంగా కాదు, మామూలుగానే తొలగించామని యూనివర్సిటీ నవంబర్‌లో ఒప్పుకోక తప్పలేదు. నోటిమాటగా ‘నువ్వు వెళ్లు’ అని, కారణం రాసివ్వకపోతే ఎంత చిక్కో చూడండి. ఇది అమెరికాకే పరిమితమైన రోగం కాదు.

ప్రశ్న: హెడ్ కోచ్‌కి కోట్లు సరే, కిందివాళ్ల గతేంటి? ఆటగాళ్ల మాటేంటి?
– విద్యార్థి, గుణుపురం

జవాబు: అసిస్టెంట్ కోచ్‌ల కాంట్రాక్టులు సాధారణంగా ఏడాది, రెండేళ్లవే. కొత్త హెడ్ కోచ్ తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. ఒకరి ఓటమికి పదిమంది కుటుంబాలు ఊరు మారతాయి. వీళ్ల గురించి రాసేవాళ్లు తక్కువ. ఆటగాళ్లకైతే కొత్త కోచ్ వచ్చిన 5 రోజుల తర్వాత మొదలయ్యేలా, జట్టు మారడానికి 15 రోజుల ప్రత్యేక గడువు ఉంటుంది.

కోచ్ తనే వదిలిపోయినప్పుడూ ఇదే కథ. 2025 నవంబర్ చివర్లో లేన్ కిఫిన్ ప్లేఆఫ్స్ ముంగిట ఓల్ మిస్‌ని (మిసిసిపీ యూనివర్సిటీని) వదిలి ఎల్‌ఎస్‌యూకి వెళ్లాడు. ప్లేఆఫ్స్ దాకా కోచ్‌గా ఉంటానంటే ఓల్ మిస్ ఒప్పుకోలేదు. డిఫెన్స్ చూసే పీట్ గోల్డింగ్‌ని హెడ్ కోచ్‌ని చేసింది. ఆ జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది. వెళ్లేవాణ్ణి వెళ్లనిచ్చి, ఉన్నవాణ్ణి నమ్మడం మా లెక్కలో సరైన పని.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు కాలేజీలో ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాలే) కోచ్‌ని. 11 నెలల కాంట్రాక్టు. టోర్నీలో ఓడితే మధ్యలోనే పొమ్మంటారు. వాళ్ల పద్ధతుల్లో మాకు పనికొచ్చేది ఏమైనా ఉందా?
– రాయగడ జిల్లా

జవాబు: డబ్బు పనికిరాదు, కాగితం పనికొస్తుంది. మన చట్టంలో కొన్ని తేడాలు ముందుగా గుర్తుంచుకోండి. ‘తీసేస్తే ఇంత’ అని రాసుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆ అంకెను గరిష్ఠ పరిమితిగానే చూస్తుంది. దానికి లోబడి సమంజసమైనంతే ఇప్పిస్తుంది. అందుకని ‘రెండు లక్షలు’ అని గాల్లో అంకె వేయకండి. ‘మిగిలిన నెలల జీతం, గరిష్ఠంగా మూడు నెలలు’ అని రాయించండి. అది నష్టానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి నిలిచే అవకాశం ఎక్కువ. ఇక ప్రైవేటు ఉద్యోగంలో కోర్టు సాధారణంగా పరిహారం ఇప్పిస్తుందే గాని, కుర్చీ తిరిగి ఇప్పించదు. మానేశాక ఏడాదిపాటు వేరే కాలేజీలో చేరకూడదన్న షరతు ఉంటే భయపడకండి. 27వ సెక్షన్ కింద అది సాధారణంగా చెల్లదు.

రాయించుకోవాల్సినవి చెబుతాం. నోటీసు గడువు ఇద్దరికీ ఒకటే ఉండాలి, కనీసం 30 రోజులు. ‘పని తృప్తికరంగా లేకపోతే’ అన్న వాక్యం ఉంటే కొట్టేయించండి. మనవాళ్ల కాంట్రాక్టుల్లో కొంప ముంచేది అదే, ఎందుకంటే తృప్తిని కొలిచే గజం వాళ్ల చేతిలోనే ఉంటుంది. దాని బదులు తప్పులేవో పేరుపేరునా రాయించండి: చెప్పకుండా 7 రోజులు రాకపోవడం, డబ్బు దుర్వినియోగం, పిల్లల మీద చెయ్యి చేసుకోవడం. మ్యాచ్ ఫలితం వాటిలో లేదని కూడా ఒక వాక్యం వేయించండి. ఆరోపణ వస్తే రాతపూర్వకంగా ఇవ్వాలి, జవాబుకు 7 రోజులు గడువివ్వాలి. తొలగించే అధికారం ప్రిన్సిపాల్‌దా, గవర్నింగ్ బాడీదా తేల్చుకోండి. టోర్నీకి పేర్లు పంపాక, ఆ టోర్నీ అయ్యేవరకు మార్చకూడదని అడిగి చూడండి. చాలామంది ఒప్పుకుంటారు, జట్టుకీ అదే మంచిది కాబట్టి.

11 నెలలన్న అంకెతో జాగ్రత్త. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో, నిర్ణీత గడువు ఉద్యోగులకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అర్హత ఉంది. 11 నెలలకు తెంచి మళ్లీ రాస్తే ఆ ఏడాది నిండలేదని యాజమాన్యం వాదించవచ్చు. రెన్యువల్ కాగితంలో ‘సర్వీసు కొనసాగింపు’ అన్న మాట పడేలా చూసుకోండి. పాత ఆర్డర్లన్నీ వరసగా దాచండి.

మీ జిల్లాలో కాగితాలు ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటాయి. ఒడియా మాట్లాడగలిగినా చదవడం రానివాళ్లు మనలో చాలామంది. సంతకానికి ముందు కాపీ ఇంటికి తీసుకెళ్లి, తెలిసినవాళ్ల చేత ప్రతి షరతూ చదివించుకోండి. రెండువైపులా సంతకాలైన కాపీ ఒకటి చేతికి వచ్చాకే గ్రౌండ్‌లో విజిల్ ఊదండి. కాపీ తర్వాత ఇస్తామంటే, ఆరోజే తేదీ వేసి ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం ఇచ్చి, దాని నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.