అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఫలానా కాన్ఫరెన్స్‌కు (కొన్ని కాలేజీ జట్లు కలిసి ఆడే లీగ్) 'డెప్త్' ఉందని ఎలా చెప్తారు?

పైన ఒకటి రెండు గట్టి జట్లుంటే చాలదు, అడుగున ఉన్నవి కూడా చెమటలు పట్టించాలి. 2025లో ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) అలాంటిదే: 16 జట్లలో 14 జాతీయ విజేతను తేల్చే ఎన్‌సీఏఏ టోర్నీకి వెళ్లాయి. కాన్ఫరెన్స్‌లో 6 గెలిచి 12 ఓడిన టెక్సస్‌కీ చోటు దక్కింది! సీజన్ మొదట్లో, నవంబరు, డిసెంబరుల్లోనే బయటి జట్లను ఎస్‌ఈసీ చిత్తు చేసింది కాబట్టి, తర్వాత తమలో తాము ఓడినా టోర్నీ ఎంపికలో చూసే రేటింగ్ పెద్దగా పడలేదు. చిన్న కాన్ఫరెన్స్‌లకు ఈ వెసులుబాటు ఉండదు, అది కొంచెం అన్యాయమే. ఆ ఏడాది జాతీయ టైటిల్ కూడా ఎస్‌ఈసీ జట్టు ఫ్లోరిడాదే.

ఎన్ని జట్లు వెళ్లాయన్నదొక్కటే చూసినా పొరబాటే. 2011లో బిగ్ ఈస్ట్ అనే కాన్ఫరెన్స్ నుంచి 11 వెళ్తే, చివరి 16లో మిగిలినవి రెండే. అందులో ఒకటైన యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ), కాన్ఫరెన్స్‌లో 9 గెలిచి 9 ఓడి సరిపెట్టుకున్న జట్టు, కాన్ఫరెన్స్ టోర్నీలో ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచి, ఆపై జాతీయ టైటిల్ కూడా ఎగరేసుకుపోయింది.