అడగండి – చెబుతాం: ధ్రువాల చలిలో కీ వాచీ

ప్రశ్న: మా తమ్ముడు అంటార్కిటికాలోని మన దేశ పరిశోధన కేంద్రం మైత్రికి వెళ్తున్నాడు. చలికి బ్యాటరీ వాచీ ఆగిపోతుందట, నిజమేనా? రోజుకు ఒక్క చుట్టే తిరిగే 24 గంటల ముల్లున్న ఖరీదైన కీ వాచీ కొనాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చొక్కా చేతి కింద, ఒంటికి ఆనుకుని ఉన్నంతసేపు ఏ వాచీ అయినా ఆడుతుంది. ఒంటి వేడి దాన్ని కాపాడుతుంది. కోటు మీద కట్టుకుంటేనే చిక్కంతా. బ్యాటరీ వాచీలో బ్యాటరీ నీరసిస్తుంది, అంకెల తెర మందగిస్తుంది. కీ వాచీలో ఆయిల్ చిక్కబడి వాచీ వేగాన్ని నిలిపే బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గుతుంది. ఏళ్ల తరబడి సర్వీసింగ్ లేని వాచీ ముందు ఆగేది అందుకే. టైము కచ్చితంగా చూపిస్తుందని ఇచ్చే 'క్రోనోమీటర్' సర్టిఫికెట్ చూసి ధీమా పడకండి, ఆ పరీక్ష చేసేది 8, 23, 38 డిగ్రీల దగ్గరే.

బయల్దేరే ముందు సర్వీసింగ్ చేయించి, సింథటిక్ ఆయిల్ వేయమనండి. వెనక మూతకీ క్రౌన్‌కీ (కీ ఇచ్చే పక్క బిరడా) కొత్త వాషర్లు వేయించి, నీరు చొరబడుతుందేమో పరీక్ష చేయించండి. తర్వాత నిండా కీ ఇచ్చి, గాలి తీసిన ప్లాస్టిక్ సంచిలో ఓ రాత్రి ఫ్రీజర్లో ఉంచండి. ఫ్రీజర్లో మైనస్ 18 డిగ్రీల దాకా ఉంటుంది. పొద్దున తీశాక వాచీ మామూలు వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి. కొన్ని సెకన్ల తేడా వస్తే ఫర్వాలేదు. ఆగిపోతే ఆయిల్ పని మళ్లీ చేయించాలి. గ్లాసు లోపలివైపు ఆవిరి పడితే వాషర్ పట్టలేదన్నమాట.

స్టీలు చైను వద్దు, చలికి చర్మాన్ని కొరికేస్తుంది. పొడవాటి నైలాన్ బెల్టు మేలు. బయటి నుంచి గదిలోకి రాగానే క్రౌన్ విప్పకూడదు. గదిలోని తేమ చల్లటి కేసులోకి దూరి నీరవుతుంది.

1971లో వచ్చిన రోలెక్స్ ఎక్స్‌ప్లోరర్-2కి నారింజ రంగు 24 గంటల ముల్లు పెట్టింది పగలూ రాత్రీ తేడా తెలియని చోట్ల కోసమే. మైత్రిలో దాదాపు రెండు నెలలు సూర్యుడు కనిపించడు, ఆరంటే పొద్దునో సాయంత్రమో తెలియాలి కదా. అయినా కొనితీరాలని మాత్రం మేం చెప్పం. 24 గంటల లెక్క చవక డిజిటల్ వాచీలోనూ ఉంటుంది.

ప్రశ్న: ధ్రువాల దగ్గర అయస్కాంతశక్తికి కీ వాచీ చెడుతుందా?

జవాబు: చెడదు. అక్కడ భూమి అయస్కాంతశక్తి ఒక గాస్‌లోపే (గాస్ అంటే ఆ శక్తిని కొలిచే ప్రమాణం). అయస్కాంతాన్ని తట్టుకునే వాచీలకు అంతర్జాతీయ ప్రమాణం సుమారు 60 గాస్. భయపడాల్సింది ఫోను కవరు అయస్కాంతానికి, స్పీకర్లకు.

ప్రశ్న: 24 గంటల ముల్లుతో దిక్కు తెలుస్తుందా?

జవాబు: తెలుస్తుంది. ముందు ఆ చోట సూర్యుడు బాగా ఎత్తుకెక్కే వేళకు 12 చూపేలా వాచీ సరిచేసుకోవాలి. అంటార్కిటికాలో అయితే 24 గంటల చుట్టుమీది 12 గుర్తును సూర్యుడివైపు తిప్పండి, ముల్లు ఉత్తరాన్ని చూపిస్తుంది. ఉత్తర ధ్రువం వైపు ఇది తలకిందులు: ముల్లును సూర్యుడివైపు తిప్పితే 24 గుర్తు ఉత్తరం. హైదరాబాదులో మే నెలలో ఈ కిటుకు పారదు, మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు.